రెండూ ఎడమ చేతులే

"కత్తెర ఇటివ్వు," అంది అత్తయ్య.

నేను ఇవ్వలేదు. పౌరుషంతో కాదు, వేళ్లు కదల్లేదు. కటింగ్ బల్ల మీద బూడిదరంగు ఉన్ని గుడ్డలోంచి కోసిన రెండు కోటు చేతులు పక్కపక్కనే పడి ఉన్నాయి. రెండింటినీ ఒకే వైపుకి తిప్పి, ఒకదాని మీద ఒకటి పరిచి చూశాను. అంచుకి అంచు చక్కగా కలిసింది. అలా కలవకూడదు.

రెండూ ఎడమ చేతులే.

"ఇంకొక్కసారి చూడనివ్వండి అత్తయ్యా."

"చూస్తే కుడిచెయ్యి అయిపోతుందా?"

పక్క గదిలో కుట్టుమిషన్ ఆగింది. మా ఆయన తల మాత్రం లోపలికి పెట్టి బల్ల వంక చూశారు. ఆ తల ఎంత నెమ్మదిగా వచ్చిందో అంత నెమ్మదిగా వెనక్కి వెళ్లబోయింది.

"ఎక్కడికిరా? నువ్వూ రా. నీ పెళ్లాం చేసిన ఘనకార్యం చూద్దువుగాని."

ఆ గుడ్డ మామూలు గుడ్డయితే ఈపాటికి బజారుకి పరిగెత్తి మరో మీటరు తెచ్చేదాన్ని. అది పోస్టావిడది. ముప్ఫయ్యేళ్లు మా వీధికి ఉత్తరాలు పంచి రిటైరయిన మనిషి. వాళ్లమ్మ మిల్లులో పనిచేసేది. మిల్లు మూసేసిన రోజున జీతం బదులు చేతిలో పెట్టిన ముక్క అది. తల్లి పోయాక కూడా ఆ గుడ్డని బీరువాలోనే దాచుకుని, కోటు కుట్టించుకోవడానికి ఇన్నాళ్లకి మనసొప్పి మా షాపుకి తెచ్చింది. నాలుగింటికి ట్రయల్‌కి వస్తానంది. గోడ గడియారంలో రెండు కావస్తోంది.

గుడ్డ కురచ. మడతపెట్టి రెండు చేతులూ ఒకేసారి కోసే వీల్లేదు. ఒంటి పొర మీద ఒక చెయ్యి కోసి, కాగితం నమూనాని బోర్లా తిరగేసి రెండోది కోయాలి. తిరగెయ్యబోతుండగా ఫోన్ మోగింది. ఎత్తాను. ఎవరో రాంగ్ నంబరు. తిరిగొచ్చి కత్తెర పట్టుకున్నాను. కాగితం తిరగేశాననే అనుకున్నాను. ఒట్టు, తిరగేస్తున్న నా చేతులు నాకు కళ్ల ముందు కనబడ్డాయి కూడా.

"ఒకదాన్ని తిరగేసి, లోపలివైపు పైకి పెట్టి కుట్టేస్తే?" అన్నారు మా ఆయన.

"ఒకవైపు నూగు, ఇంకోవైపు గీతలు. ఒక చెయ్యి కోటుది, ఒక చెయ్యి గోనెసంచిది అన్నట్టుంటుంది. మాట్లాడే ముందు గుడ్డ ముట్టుకుని మాట్లాడు," అంది అత్తయ్య.

తిలా పాపం తలా పిడికెడు పంచడానికి వచ్చిన మనిషి ఆ పిడికెడూ పట్టుకుని నిలబడిపోయారు.

"మూడు నెలలైంది నీకు కత్తెర ఇచ్చి. ఇది నాలుగోది," అంది నాతో. ఆవిడ గొంతు పెంచదు. పెంచితే ఎంతో బాగుండేది. "నా వేళ్లు వాచి గానీ లేకపోతే నీకిచ్చేదాన్నా? పదిహేనేళ్లు పక్కన నిలబడి చూశావు. ఏం చూశావు?"

"నేను కావాలని చేస్తానా అత్తయ్యా?"

"కావాలని చేసేవాళ్లకి చెబితే మానేస్తారు. నీకు శ్రద్ధ లేదు. మనసు పెడితే చెయ్యి తప్పదు."

ఆ మాట నా చెవికి కొత్తేం కాదు. మా టీచర్లు అన్నారు, మా అమ్మ అంది, పదిహేనేళ్లుగా ఆవిడ అంటోంది. అన్న ప్రతిసారీ నిజమేనని తల వంచుకున్నాను. ఈసారి మాత్రం వంచలేకపోయాను.

కత్తెర ఇచ్చేశాను. ఆవిడ దాన్ని గోడకున్న మేకుకి తగిలించింది. ఆ మేకు చుట్టూ గోడ మీద కత్తెర ఆకారం సుద్దతో గీసి ఉంటుంది. ఆ గీతలో తప్ప మా ఇంట్లో కత్తెర ఇంకెక్కడా కనబడకూడదు.

"కటింగ్ మాస్టర్‌కి ఫోన్ చెయ్యరా. రేపట్నుంచి రమ్మను. ఈవిడ గుండీలు కుట్టుకుంటుంది."

అంతే. మెడలో టేపు సర్దుకుని ముందు గదిలోకి వెళ్లిపోయింది. ఆ టేపు చివర ఎప్పుడూ రెండో మూడో ఎర్రదారం ముక్కలు ముడివేసి వేలాడుతుంటాయి. దిష్టికి కట్టుకుందని వీధిలో వేళాకోళం చేస్తారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పదిహేనేళ్లలో నేను ముట్టుకోలేదు.

*

ఇస్త్రీ గదిలో నేనూ మా ఆయనా గుసగుసలతో పోట్లాడుకున్నాం. మా ఇంట్లో మొగుడూ పెళ్లాల పోట్లాటలన్నీ ఇస్త్రీ గదిలోనే జరుగుతాయి, ఆవిరి చప్పుడుకి మాటలు బయటికి వినబడవని.

"అమ్మకి ఇంకా చెప్పలేదా నువ్వు?"

"ఏం చెప్పాలి?"

"అదే. ఆ డాక్టరమ్మ చెప్పింది."

"దాని పేరు కూడా పలకలేరా మీరు?"

"ఏడీ... హెచ్... డీ," అన్నారు, పరాయి ఊళ్లో బస్సు నంబరు చదివినట్టు. "పలికాను. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మాస్టర్‌కి ఫోన్ చెయ్యద్దంటాను."

ఇస్త్రీపెట్టె బుస్సుమంది.

ఈ ఇస్త్రీపెట్టె దగ్గరే మొదలైంది అంతా. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం రేడియోలో ఎవరో డాక్టరమ్మ మాట్లాడుతోంది. కొంతమంది ఆడపిల్లలు క్లాసులో అల్లరి చెయ్యరు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, అందుకని వాళ్లని ఎవరూ పట్టించుకోరు అంది. పెద్దయ్యాక ఇల్లు, పని, లోకం అన్నీ మీద పడినప్పుడు, అందరికీ వచ్చేది మాకెందుకు రాదా అని లోపల్లోపలే కుమిలిపోతారు అంది. సోమరితనం అనుకుంటారు, కాదు, పుట్టుకతోనే మనసు ఒకచోట నిలవకపోవడం అంది. అది వింటూ నిలబడిపోయాను. ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో తెల్లచొక్కా మాడి పొగ వచ్చేదాకా తెలియలేదు.

ఎవరో నాకు తెలియకుండా పుట్టినప్పటి నుంచీ నా పక్కనే కూర్చుని అంతా చూసినట్టనిపించింది. భయం కాదు, బాధ కాదు. నోరు తెరుచుకుని ఉండిపోయాను. నలభై ఒక్క ఏళ్లుగా నాలో ఉన్నదానికి ఒక పేరుందా? అది ఇంకొకళ్లకి కూడా ఉందా?

నాలుగుసార్లు వెళ్లాను ఆ డాక్టరమ్మ దగ్గరికి. చిన్నప్పటి మార్కుల కాగితాలు తెమ్మంది, మా అన్నయ్యతో ఫోన్లో మాట్లాడింది, రోజూ జరిగేవి ఒక కాగితం మీద రాసుకురమ్మంది. నాకున్నది అదేనని పోయిన బుధవారం చెప్పింది. ఇంటికి వస్తూ నేను దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాను. అదొక్కటీ జబ్బు వల్ల కాదు, ఆనందం వల్ల.

"మందేదైనా ఇస్తారా?" అన్నారు మా ఆయన.

"వచ్చే బుధవారం మాట్లాడదామన్నారు."

"ఆ మందు వేసుకుంటే చేతులు సరిగ్గా కోస్తావా?"

"అది వేసుకుంటే కుడిచెయ్యి మొలవదు. ఊరికే తేలిక అవుతుందట. తక్కిందంతా నేనే నేర్చుకోవాలి."

"అమ్మకి ఈ మాట చెబితే ఏమంటుందో తెలుసా? మతిమరుపుకి కూడా చీటీ ఇస్తున్నారా, అయితే నాకూ ఒకటి తెమ్మంటుంది."

నవ్వొచ్చింది. నవ్వినందుకు ఒళ్లు మండింది.

"మీకు అర్థం కావట్లేదు. కత్తెర పోతే నాకేం మిగలదు. గుడ్డ మీద సుద్ద గీసి కోస్తున్నప్పుడే నా బుర్ర ఒకచోట కుదురుగా ఉంటుంది. బాగా కోస్తానని మీకూ తెలుసు. వందకి తొంభై ఆరు బాగా కోస్తాను."

"ఆ నాలుగే కదా అమ్మ చూసేది." ఆయన కాస్త మెత్తబడ్డారు. "సరే. ఫోన్ సాయంత్రం దాకా చెయ్యను. ఈలోపు నువ్వే చెప్పు. కాగితం చూపించు. అమ్మ నోటిమాట నమ్మదు, రాసిందైతే నమ్ముతుంది. ఎక్కడుంది ఆ కాగితం?"

"దాచాను."

"ఎక్కడ?"

"గుండీల డబ్బాలో. ఆవిడ ఎలాగూ ఆ డబ్బా..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరం ముందు గది వైపు చూశాం. ఆ గదిలోంచి గుండీలు బల్ల మీద ఒంపిన చప్పుడు వినబడింది. కోటుకి గుండీలు ఏరుతోంది ఆవిడ.

ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు.

*

నేను వెళ్లేసరికి అత్తయ్య స్టూలు మీద కూర్చుని ఉంది. గుండీలు బల్లంతా చెదిరిపోయి ఉన్నాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి కింద పడింది. ఆవిడ వంగి తియ్యలేదు. గుండీ కింద పడితే తియ్యకుండా కూర్చోవడం ఆవిడ చరిత్రలో లేదు.

కాగితం చేతిలో ఉంది.

"ఎవరు చెప్పారు నీకు?" అంది.

"అత్తయ్యా, నేనే చెబుదామనుకున్నాను."

"నేనడిగింది అది కాదు. ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ కాగితం కళ్లకి దగ్గరగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అడుగున డాక్టరమ్మ రాసిన రెండు ముక్కలు తప్ప అంతా నా రాతే. డాక్టరమ్మ కోసం ముత్యాల్లా రాద్దామనుకుని చివరికి కోడిగీతలుగా రాసినది.

"'కత్తెర పట్టుకున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే చేతిలో పని ఎక్కడుందో మర్చిపోవడం.' ఊఁ. 'స్టవ్ ఆర్పిందీ లేనిదీ గుర్తులేక గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం.' చూస్తూనే ఉన్నావన్నమాట. నవ్వుకుంటూనే ఉన్నావన్నమాట."

"కాదు..."

"'మనుషులు మాట్లాడుతుంటే తల ఊపుతూ, ఒక్క ముక్కా వినకపోవడం. మళ్లీ అడగడానికి సిగ్గు.'" ఆవిడ కాగితం ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "'పొద్దున కళ్లు తెరవగానే ఈరోజు ఏం పాడుచేస్తానో అని గుండె దడ.'"

అక్కడ ఆగింది.

"ఇది నేను ఎవరికీ చెప్పలేదే. మీ మామయ్యకి కూడా చెప్పలేదు. నిద్రలో గానీ కలవరించానా?"

కాగితం కోసం చెయ్యి చాపాను, ఆవిడ ఇవ్వలేదు.

"నా మీద డాక్టర్లకి చీటీలు రాసిచ్చేదాకా వచ్చిందా? కత్తెర తీసుకుంటానని ముందే పసిగట్టి, ముసలిదానికి మతి సరిగా లేదని రాయించావా? అందుకేనా నా పెట్టె తెరిచావు?"

"ఏ పెట్టె అత్తయ్యా?"

ఆవిడ నా ముఖం వంక చూసింది. మా అత్తయ్య ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. నాకు నిజంగానే తెలియదని ఆవిడకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయిందని కూడా తెలిసిపోయింది.

"అది నా గురించి రాసింది," అన్నాను. "పైన చూడండి. పేరు నాదే. రోజూ నాకు జరిగేవి రాసుకురమ్మంది డాక్టరమ్మ. నేను రాశాను. మీ గురించి ఒక్క అక్షరం కూడా లేదు."

అద్దాలు పైకి తోసుకుని పైన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కిందిదాకా మళ్లీ చదివింది, ఈసారి పెదవులు కదపకుండా.

"నీకా?" అంది చివరికి. "పొద్దున కళ్లు తెరవగానే?"

"చిన్నప్పటి నుంచీ."

"రోజూనా?"

"రోజూ."

"నీకు ఏ చీకూ చింతా లేదనుకున్నాను. గాలికి తిరిగే మనిషివి, ఏదీ పట్టదనుకున్నాను."

"మీకు ఏదీ తప్పదనుకున్నాను నేను."

ఆవిడ మెడలోంచి తాళంచెవి తీసింది. లేవబోయి, మోకాలు పట్టేసి, బల్ల ఆసరా చేసుకుంది. చెయ్యి అందించాను. ఎప్పుడూ విదిలించే చెయ్యి, ఇవాళ పట్టుకుంది.

"తలుపు వెయ్యి," అంది.

*

ఆవిడ మంచం కింద ట్రంకుపెట్టె సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మా ఆయన పెళ్లయిన కొత్తలో అందులో పట్టుబట్టలున్నాయన్నారు. నేను మామయ్య రాసిన ప్రేమలేఖలనుకున్నాను. ఆ మామయ్యే మా షాపు బోర్డు మీద తన చేత్తో రాశారు: 'తప్పులేని కోత, ఒప్పైన కుట్టు.' ఆయన పోయి పన్నెండేళ్లు. బోర్డు రంగు మాత్రం అత్తయ్య ఏటేటా కొత్తగా వేయిస్తుంది.

పెట్టె తెరిచింది. కర్పూరం వాసన, పాత గుడ్డల వాసన కలిసి వచ్చాయి.

చేతులు. చొక్కా చేతులు, కోటు చేతులు, గౌను చేతులు, చిన్నపిల్లల చేతులు. ఇస్త్రీ చేసి, పొరలు పొరలుగా పేర్చి, రంగురంగులుగా పెట్టె నిండా ఉన్నాయి. ఒకటి తీశాను. ఎడమది. ఇంకొకటి తీశాను. ఎడమది. మూడోదీ అంతే.

"అన్నీ ఎడమవేనా?"

"ముందు ఎడమది గీస్తాను కదా. రెండోదానికి కాగితం తిరగెయ్యాలి కదా." ఆవిడ మంచం మీద కూర్చుంది. "తిరగేశాననే అనుకుంటాను."

"మీ చేతులు తిరగేస్తున్నట్టు కళ్లకి కనబడుతుందా?"

ఆవిడ నా వైపు చప్పున తల తిప్పింది. "నీకూ కనబడుతుందా?"

నేను నేల మీద కూర్చుండిపోయాను.

మామయ్య ఉన్నన్నాళ్లూ, నలభై రెండేళ్లు. గుడ్డ పాడయిన ప్రతిసారీ మర్నాడు ఏదో పని పెట్టుకుని బజారుకెళ్లి, అదే గుడ్డ వెతికి తెచ్చి, మామయ్య భోజనానికి లేచినప్పుడు మళ్లీ కోసేదట. పాడైనది బయట పడేస్తే చెత్తబుట్టలో మామయ్య చూస్తారని పెట్టెలో దాచేదట.

"ఒక్కసారైనా చెప్పకపోయారా మామయ్యకి?"

"ఎలా చెప్పను? వచ్చినవాళ్లందరికీ బోర్డు చూపించి మా ఆవిడ కత్తెర తప్పదని చెప్పుకునేవారు. ఆ బోర్డు కిందే కూర్చునేదాన్ని కదా రోజంతా."

పెట్టెలోకి చెయ్యి పెట్టాను. అడుగున దట్టంగా ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ పలచబడ్డాయి. అడుగు నుంచి ఒక ఎర్ర గళ్ల చెయ్యి లాగాను.

"అది పెళ్లయిన రెండో ఏడు," అంది అత్తయ్య, చూడగానే. "దాని తర్వాతే బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఒక చెయ్యి కోశాక అత్తయ్య కత్తెర కింద పెట్టి, బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, అవతలి వైపు నుంచి రెండో చెయ్యి కోసేది. వీధంతా ప్రదక్షిణం అని నవ్వేది. నేను మాత్రం పెద్దరికం చూపించుకుంటోందని పళ్లు నూరుకునేదాన్ని. నాకు కత్తెర ఇచ్చిన రోజున నన్నూ తిరగమంది. అలాగేనని తల ఊపి, ఆవిడ అటు వెళ్లగానే మానేశాను.

"అటు వైపు నుంచి చూస్తే కాగితం తలకిందులుగా కనబడుతుంది. కొత్తగా కనబడితేనే నా బుర్ర దాన్ని చూస్తుంది," అంది. "తిరగేశానో లేదో అప్పుడు తెలుస్తుంది."

"ఈ పసుపుది?"

"అప్పుడు మీ ఆయన మూడేళ్లవాడు. కోస్తుంటే అమ్మా అన్నాడు, ఊఁ అన్నాను. అది పోయింది. అప్పట్నుంచి కత్తెర చేతిలో ఉంటే ఎవరు పిలిచినా పలకను."

"ఈ నల్లది?"

"ఎవరి గుడ్డకి ఎవరి కొలతో మర్చిపోయాను. దాని తర్వాతే టేపుకి దారం, గుర్తుంచుకోవాల్సిన ఒక్కోదానికి ఒక్కో ముడి."

ఒక్కో నియమం వెనక ఒక్కో చెయ్యి ఉంది. గోడ మీద కత్తెర బొమ్మ ఎందుకో, స్టవ్ ఆర్పాక ఆవిడ గుర్తుగా అగ్గిపెట్టె నిలబెట్టడం ఎందుకో, చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడవడం ఎందుకో, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. పదిహేనేళ్లు వాటిని నా మీద పెత్తనం అనుకున్నాను. అవి నా కోసం కాదు. పిట్టగోడ లేని డాబా మీద ఒంటరిగా నిలబడి, పడిన ప్రతిచోటా ఒక్కో ఇటుక పెట్టుకుంటూ వచ్చింది ఈ మనిషి. డాక్టరు లేదు, పేరు లేదు, అవునమ్మా అనేవాళ్లు ఒక్కరు లేరు. డాక్టరమ్మ నాకు ఇప్పుడిప్పుడే నేర్పుతానన్న ఉపాయాలు ఆవిడ ఎవరూ చెప్పకుండానే కనిపెట్టుకుంది.

నా కళ్లముందు ఆవిడ పెరిగిపోతున్నట్టనిపించింది. కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు.

"ఏడుస్తావేం? ఉన్నిగుడ్డ మీద పడితే మరక," అంది అత్తయ్య. అప్పుడు చూసుకున్నాను, బూడిదరంగు చేతులు రెండూ నా ఒళ్లోనే ఉన్నాయి. ఎప్పుడు తెచ్చానో నాకు గుర్తులేదు.

"మీకూ అదే ఉందని నేను చెప్పలేను అత్తయ్యా. అది డాక్టరమ్మే చూసి చెప్పాలి."

"నేనడిగానా?"

"అడగలేదు."

"డెబ్బై నాలుగేళ్లు నాకు. ఇప్పుడు పేరు పెట్టించుకుని ఏం చెయ్యను?" కాగితాన్ని దుప్పటి మీద చదునుగా పరిచింది. "శ్రద్ధ లేదన్నాను కదా నిన్ను?"

"ఇవాళేనా?"

"మా అమ్మ నన్ను అనేది. అదే మాట. నిన్ను అంటూంటే నాకేదో బలంగా ఉండేది." గొంతు సవరించుకుంది. "తప్పు."

తలుపు అవతల ఏదో కదిలింది. తలుపు తీశాను. మా ఆయన నిలబడి ఉన్నారు, ఎంతసేపటి నుంచో తెలియదు. పెట్టె వంక, తల్లి వంక చూశారు.

"చిన్నప్పుడు నేను పిలిస్తే పలికేదానివి కాదు," అన్నారు. "నేనంటే ఇష్టం లేదనుకునేవాణ్ని."

"పలికితే ఎవరిదో ఒక చెయ్యి పోయేదిరా," అంది అత్తయ్య. "పిలుపు మాత్రం ప్రతిసారీ వినబడేది."

ఆయన గుమ్మానికి ఆనుకుని ఉండిపోయారు.

అప్పుడు వీధి తలుపు గంట మోగింది. నాలుగు.

*

"ఏం చెబుతావు ఆవిడకి?" అత్తయ్య గొంతు మారిపోయింది. అంతటి మనిషి గొంతులో చిన్నపిల్ల భయం వినబడింది.

"ఉన్నది చెబుతాను."

"వద్దు. లైనింగ్ రాలేదని చెప్పు. వారం గడువడుగు. ఈలోపు ఎక్కడో అక్కడ..."

"ఆ మిల్లు లేదత్తయ్యా. ఆ గుడ్డ ఎక్కడా లేదు."

"వీధంతా తెలుస్తుంది."

"తెలియనివ్వండి. తప్పు నాది. మాస్టర్‌ని పిలవండి, గుండీలే కుట్టుకుంటాను. కానీ నేను పెట్టె కొనుక్కోను."

ఆవిడకి ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు కనబడింది. అనకుండా ఉండాల్సిందనిపించింది. వెనక్కి తీసుకోలేదు.

మా ఆయన తలుపు తీశారు. పోస్టావిడ చెప్పులు బయట విడిచి, కటింగ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. భుజానికి సంచి లేకపోయినా ఒక భుజం ఇంకా కిందికే ఉంటుంది ఆవిడకి. ముఖం వెలిగిపోతోంది.

"వెయ్యండమ్మా, ఒకసారి చూసుకుంటాను," అంది. "రాత్రంతా నిద్రలేదు నాకు. మా అమ్మ భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది కదా అని."

నేను రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. నోరు తెరిచాను.

"ఇవి రెండూ ఎడమవే," అంది నా వెనక నుంచి అత్తయ్య.

నడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. పైన బోర్డు ఉన్న వైపు ఒక్కసారి చూసింది.

"మేం తప్పుగా కోశాం. మీ అమ్మగారి గుడ్డ. మళ్లీ దొరకదని తెలుసు. దాచాలనుకున్నాను, నేను. ఈ అమ్మాయి దాచనన్నది."

పోస్టావిడ ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు, మెల్లమెల్లగా పోయింది. అది చూడటం ఇంకా కష్టం. ఆవిడ ఒక చెయ్యి తీసుకుని నూగు మీద బొటనవేలితో రాసింది.

మా ఆయన నేల చూస్తున్నారు.

అత్తయ్య గోడ దగ్గరికి వెళ్లి, సుద్దగీతలోంచి కత్తెర తీసి తెచ్చి నా చేతిలో పెట్టింది. నా వేళ్లని దాని చుట్టూ మూసింది.

"ఆవిడ ఏమన్నా సరే, ఇది కింద పెట్టకు," అంది మెల్లగా. తర్వాత నా ముఖం చూడకుండా, ఇంకా మెల్లగా, "బుధవారం ఎన్నింటికి ఆ డాక్టరమ్మ?"

"పదకొండింటికి."

"మర్చిపోతాను."

మెడలోంచి టేపు తీసి దాని చివర నా వైపు చాపింది. ఎవరూ ముట్టుకోకూడని టేపు. జేబులోంచి ఎర్రదారం ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

ముడి వేశాను. మొదటిసారి జారిపోయింది, రెండోసారి పడింది. తల ఎత్తేసరికి పోస్టావిడ మా ఇద్దరినీ, ఆ దారాన్నీ, వెనక గదిలో తెరిచే ఉండిపోయిన ట్రంకుపెట్టెనీ చూస్తోంది. బూడిదరంగు చెయ్యి ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది.